పోకెమాన్‌లో ‘పే డే’తో డబ్బు సంపాదించడం టైమ్ దండగా?

“పోకెమాన్ ఫైర్‌రెడ్ గేమ్ ఆడుతున్నాను. నా మియౌత్‌కి (పిల్లి లాంటి పోకెమాన్) పే డే అనే మూవ్, అంటే పోరులో వేసే దెబ్బ, ఉంది. యుద్ధాల్లో అది వాడి డబ్బు సంపాదిస్తే నిజంగా లాభం ఉంటుందా, లేక దాన్ని తీసేసి ఇంకేదైనా మంచి మూవ్ పెట్టుకోవాలా?” అని ఒకరు అడిగారు.

ఉంచండి. ఎవరేం చెప్పినా తీయకండి.

ఈ ప్రశ్న ఎవరిని అడిగినా వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. “పే డే వేస్ట్, ఎలైట్ ఫోర్‌ని మళ్లీ మళ్లీ కొట్టు, డబ్బే డబ్బు.” ఎలైట్ ఫోర్ అంటే ఆట చివర్లో ఎదురయ్యే నలుగురు గట్టి ట్రైనర్లు. లెక్క ప్రకారం ఆ సలహా నిజమే. గెలిచిన డబ్బుని రెట్టింపు చేసే అమ్యులెట్ కాయిన్ పట్టుకున్న పోకెమాన్‌ని ప్రతి పోరులో ఒకసారి దింపుతూ ఎలైట్ ఫోర్‌నీ ఛాంపియన్‌నీ ఒక చుట్టు చుట్టొస్తే పదుల వేలు చేతికొస్తాయి. అయితే ఒక్క మాట ఆలోచించండి. ఎలైట్ ఫోర్‌ని అలవోకగా కొట్టగలిగేవాడికి ఇంక డబ్బుతో ఏం పని? డబ్బు అవసరం పడేది వాళ్లను మొదటిసారి ఎదుర్కోవడానికి ముందు. ప్రాణం మొత్తం నింపే మందు ఫుల్ రిస్టోర్ ఒక్కోటి 3000, పడిపోయినదాన్ని లేపే రివైవ్ 1500. జేబులో చూస్తే పోకెమాన్‌ని పట్టే అల్ట్రా బాల్స్ నాలుగు కొనడానికి కూడా ఉండదు. అలాంటి సమయంలో “వెళ్లి ఛాంపియన్‌ని కొట్టు, డబ్బొస్తుంది” అనడం సలహా ఎలా అవుతుంది? అప్పుడు ఆదుకునేది పే డేనే.

అది పనిచేసే పద్ధతి చాలామందికి సరిగ్గా తెలియదు. పవర్ 40, వాడుకోవడానికి 20 సార్లు. చూడ్డానికి బక్కచిక్కిన మూవ్. వాడిన ప్రతిసారీ నేల మీద నాణేలు చెల్లాచెదురవుతాయి, పోరు గెలిస్తే ఏరుకుంటాం. ఫైర్‌రెడ్‌లో ఒక్కో దెబ్బకి వచ్చేది వాడిన పోకెమాన్ లెవెల్‌కి 5 రెట్లు. 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి ఆటల్లోనూ, ఆ తర్వాతి గోల్డ్, సిల్వర్‌లోనూ 2 రెట్లే. మియౌత్ చేతిలో అమ్యులెట్ కాయిన్ పెడితే ఆ మొత్తం కూడా రెట్టింపవుతుంది. ఫైర్‌రెడ్‌లో 40 రకాల పోకెమాన్‌ని పట్టాక 16వ రూట్ దగ్గర ప్రొఫెసర్ ఓక్ అసిస్టెంట్ ఆ కాయిన్ ఇస్తాడు. ఇంకా తీసుకోకపోతే ముందు ఆ పని చూడండి.

ఇందులో అసలు కిటుకు ఏమిటంటే, నాణేల లెక్కకి లెవెల్ ఒక్కటే ఆధారం. దెబ్బ ఎంత గట్టిగా తగిలిందన్నదానితో పని లేదు. శత్రువు ప్రాణం సగం పోయినా, గీసుకుపోయినట్టు రెండు పాయింట్లే తగ్గినా వచ్చే డబ్బు ఒకటే. కాబట్టి పే డేకి కావలసింది ఒక్క దెబ్బకి పడిపోయే రట్టాటా కాదు, ఎంత కొట్టినా చెక్కుచెదరనిది. చాలామంది గడ్డిలో తిరుగుతూ చిన్నాచితకా వాటిని కొట్టి, పోరుకొక్క పే డే వేసి, “ఇంత తిరిగితే ఇంతేనా” అని విసుక్కుని ఆ మూవ్ తీసేస్తారు. తప్పు మూవ్‌ది కాదు, ఎంచుకున్న శత్రువుది. ఘోస్ట్ రకం మీద మాత్రం వేయకండి. వాటికి తగలదు, నాణేలూ రాలవు.

నాకు ఈ సంగతి బోధపడింది తెనాలిలో, మా పిన్నీవాళ్లింట్లో, ఒక వేసవిలో. అమెరికా నుంచి వచ్చిన మామయ్య ఒక గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ, అందులో ఫైర్‌రెడ్ కాట్రిడ్జ్ తెచ్చిచ్చారు. నాకూ పిన్ని కొడుక్కీ కలిపి ఒక్కటే. వాడు నాకంటే చిన్నవాడు. బటన్లు నొక్కడం నా వంతు, పక్కన కూర్చుని సలహాలివ్వడం వాడి వంతు. ఎలైట్ ఫోర్‌కి ముందుండే గుహ, విక్టరీ రోడ్ దాకా వచ్చాం కానీ మా దగ్గర మందులు లేవు. నీటి రకం బ్లాస్టాయిస్ ఒక్కటే గట్టిది, మిగతావన్నీ ఏదో ఉన్నాయంటే ఉన్నాయి.

మియౌత్‌ని మేం దాని పెద్ద రూపమైన పర్షియన్‌గా మారనివ్వలేదు. 28వ లెవెల్ నుంచి మారడానికి సిద్ధపడిన ప్రతిసారీ బి బటన్ నొక్కి ఆపేవాళ్లం. మొదట్లో అది వాడి పట్టుదల, మియౌత్ మొహం ముద్దుగా ఉంటుందని. కానీ దానికో గట్టి లాభం కూడా ఉంది. ఆ ఆటలో మియౌత్‌కి పికప్ అనే గుణం ఉంటుంది. పోరు అయ్యాక ఒక్కోసారి తనంతట తనే ఏదో ఒక వస్తువు ఏరుకొస్తుంది. చేతిలో అమ్యులెట్ కాయిన్ ఉంటే మాత్రం ఏరుకురాదు, చెయ్యి ఖాళీగా ఉండాలి. పర్షియన్ అయితే ఆ గుణమే పోతుంది. అందుకని గడ్డిలో తిరిగేటప్పుడు ఖాళీ చెయ్యి, నాణేల వేటకి కాయిన్.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. తెనాలి ఎండలు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. వరండాలో గచ్చు మీద నీళ్లు చల్లి, తడి ఆరకముందే దాని మీద బోర్లా పడుకుని ఆడుతున్నాం. గుహలో ఒక ఓనిక్స్ ఎదురైంది, దాదాపు మా మియౌత్ లెవెల్‌దే, 45 దగ్గర. ఓనిక్స్ అంటే రాతి పాము. పే డే నార్మల్ రకం, రాయి మీద సగమే పనిచేస్తుంది, పైగా ఓనిక్స్ డిఫెన్స్ కొండంత. మియౌత్ వేసిన మొదటి దెబ్బకి దాని ప్రాణం గీత కదిలిందో లేదో కూడా తెలియలేదు. “కాయిన్స్ స్కాటర్డ్ ఎవ్రీవేర్” అని మాత్రం వచ్చింది.

“అక్కా, పారిపోదాం” అన్నాడు వాడు.

నేను గీత వంక చూసి, తర్వాత లెవెల్ వంక చూశాను. 45 ఐదులు 225. అమ్యులెట్ కాయిన్‌తో 450. ఈ రాతి పాము ఇంకా పదీ పన్నెండు దెబ్బలు తింటుంది. 20 సార్లూ దీని లాంటివాటి మీదే వాడితే 9000. మూడు ఫుల్ రిస్టోర్లు.

అప్పుడు గ్రౌల్ గుర్తొచ్చింది. పుట్టినప్పటి నుంచీ మియౌత్‌కి ఉన్న మూవ్, అందరూ మొదట తీసిపారేసేది అదే. లెవెల్ పెరిగి స్క్రీచ్ అనే కొత్త మూవ్ నేర్చుకోవాలా అని ఆట అడిగినప్పుడు వాడు గ్రౌల్ తీసేద్దామంటే నేను ఒప్పుకోలేదు. వరసగా గ్రౌల్ చేస్తూ పోతే ఎదుటివాడి అటాక్ తగ్గుతూ తగ్గుతూ పావు వంతుకి దిగిపోతుంది. ఓనిక్స్ అటాక్ అసలే తక్కువ, ఆ రాయంతా డిఫెన్స్ కోసమే. నాలుగైదు గ్రౌల్స్ పడ్డాక దాని స్లామ్ దెబ్బ తగిలినా మియౌత్‌కి చీమ కుట్టినట్టే. ఇక మొదలుపెట్టాం. దెబ్బ, నాణేలు. దెబ్బ, నాణేలు. అది ఇసుక తుఫాను లేపింది, దాంతో టర్న్ టర్న్‌కీ మా ప్రాణం కొంచెం కొంచెం తరుగుతోంది. అయినా ఆపలేదు.

అంతలో మిషన్ పక్కనున్న చిన్న లైటు పచ్చది కాస్తా ఎర్రగా మారింది. బ్యాటరీ అయిపోవచ్చింది. కరెంటు లేదు, ఛార్జింగ్ పెట్టే దారి లేదు. పోరు మధ్యలో సేవ్ చేయడం కుదరదు. ఆగిపోతే నేల మీదున్న నాణేలన్నీ గంగలో పోసినట్టే.

“అక్కా, మార్చు అక్కా, బ్లాస్టాయిస్‌ని దించు!” వాడు నా మోచెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. ఇంకొక్కటి అని ఒక పే డే వేశాను. ఇంకొక్కటి. మియౌత్ ప్రాణం గీత ఎర్రబడింది, టింగ్ టింగ్ అని మోగడం మొదలైంది. అప్పుడు మార్చాను. బ్లాస్టాయిస్‌తో సర్ఫ్ అనే నీటి దెబ్బ. రాయికీ మట్టికీ రెంటికీ నీళ్లంటే పడదు, ఓనిక్స్‌కి నాలుగింతలు తగులుతుంది. పడిపోయింది. నేల మీద ఏరుకున్న డబ్బు ఇంత అని తెర మీద పడగానే స్టార్ట్ నొక్కి సేవ్ చేశాను. సేవ్ అయిందన్న మాట కనపడే దాకా ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

సాయంత్రం కరెంటొచ్చాక ఎలైట్ ఫోర్ ఉండే ఇండిగో పీఠభూమికి వెళ్లాం. పోకెమాన్ సెంటర్‌లో పీపీ (మూవ్‌ని ఇంకెన్నిసార్లు వాడొచ్చన్న లెక్క) నింపుకుని మళ్లీ గుహలోకి, మళ్లీ ఓనిక్స్‌ల వేట. అలా కొన్న ఫుల్ రిస్టోర్లతోనే ఎలైట్ ఫోర్‌ని దాటాం. చివరి ఛాంపియన్ పోరులో బ్లాస్టాయిస్‌కి వాడిన ఒక్కో సీసా ఎన్ని పే డేలో మా ఇద్దరికీ తెలుసు. ఒక్కోటి వాడేముందు వాడు “నిజంగా అవసరమా అక్కా” అని అడిగేవాడు. ట్రైనర్లను కొడితే వచ్చిన డబ్బుతో కొన్నవాటి గురించి ఎప్పుడూ అలా అడగలేదు.

నేను చెప్పాలనుకున్నది అదే. పోకెమాన్‌కి ఉండేది నాలుగే మూవ్‌లు. అందులో ఒకటి డబ్బుకి ఇచ్చేశామంటే, ఒక మంచి దెబ్బ వదులుకున్నట్టే. పట్టుకునే వస్తువు ఒక్కటే. అది అమ్యులెట్ కాయిన్ అయితే ఇంకో ఉపయోగకరమైన వస్తువు వదులుకున్నట్టే. ప్రతి నాణేనికీ పోరులో మనం ఏదో ఒకటి పోగొట్టుకుంటున్నాం. ఆ డబ్బుకి విలువ వచ్చేది అందువల్లే. గెలిస్తే ఊరికే వచ్చి పడే ప్రైజ్ మనీ కంటే పే డే నాణెం గొప్పదని నేను బల్లగుద్ది చెబుతాను.

మొదటి ఆటలు చేసినవాళ్లకి ఈ విషయం బాగా తెలుసు. రెడ్, బ్లూలలో ఒక ట్రైనర్‌ని ఒక్కసారే ఓడించగలం. మళ్లీ పిలిచి కొట్టడానికి వీఎస్ సీకర్ లాంటిది లేదు, అది 2004లో ఫైర్‌రెడ్‌తో వచ్చింది. అడవిలో ఎదురయ్యే పోకెమాన్ దగ్గర డబ్బుండదు, అదీ న్యాయమే. అంటే ఎలైట్ ఫోర్‌కి ముందు ట్రైనర్ల నుంచి వచ్చే డబ్బుకి ఒక హద్దుంది. ఆ హద్దు దాటించడానికి పోరులో పెట్టిన దారి పే డే ఒక్కటే. బ్లూలో మియౌత్ దొరికేది, 17వ లెవెల్‌కి అది నేర్చుకునేది. రెడ్‌లో మియౌత్ దొరకదు, కానీ 12వ రూట్‌లో పే డే నేర్పే టీఎం 16 అనే వస్తువు తీసుకుని వేరేదానికి నేర్పించొచ్చు. డబ్బుని ఎంత ఆలోచించి కొలిచారో సైకిల్ షాపులోనే తెలుస్తుంది. సైకిల్ ధర 10,00,000, మన పర్సు పట్టేది 9,99,999. ఎంత సంపాదించినా కొనలేం, వెర్మిలియన్ ఫ్యాన్ క్లబ్ పెద్దాయన కబుర్లు ఓపిగ్గా విని ఓచర్ తెచ్చుకోవాల్సిందే.

పవర్ 40 అని తీసిపారేసేవాళ్లకి ఇంకో మాట. 2006లో డైమండ్, పెర్ల్‌తో పర్షియన్‌కి టెక్నీషియన్ అనే గుణం వచ్చింది. 60, అంతకంటే తక్కువ పవర్ ఉన్న మూవ్‌లు ఒకటిన్నర రెట్లు తగులుతాయి. పే డే 40 కాస్తా 60 అవుతుంది, పర్షియన్, పే డే రెండూ నార్మల్ రకమే కాబట్టి మళ్లీ ఒకటిన్నర రెట్లు, మొత్తం 90. అంటే దెబ్బా మిగిలింది, డబ్బూ మిగిలింది. ఈ లెక్క వేయకుండానే యూట్యూబ్‌లో “వర్స్ట్ మూవ్స్” అని వీడియోలు చేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. వాళ్లు ఆ మూవ్‌తో ఒక్క పూట ఆడి ఉండరు.

మిగతా ఆర్‌పీజీలు (పాత్రల్ని పెంచుకుంటూ ఆడే ఇలాంటి ఆటలు) కూడా ఈ విషయంలో ఆలోచించినంత కాలం బాగున్నాయి. 1988లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 3లో వ్యాపారిని జట్టులో పెట్టుకుంటే పోరు అయ్యాక అదనంగా బంగారం దొరుకుతుంది. అయితే ఒక యోధుడి చోటు పోతుంది. నాలుగు మూవ్‌లలో ఒకటి వదులుకోవడం లాంటిదే ఇదీ. 1992 నాటి ఫైనల్ ఫాంటసీ 5లో సమురాయ్ దీనికి పూర్తిగా ఎదురు. సంపాదించడు, ఉన్న డబ్బునే శత్రువుల మొహాన విసిరి కొడతాడు. దెబ్బ భయంకరంగా తగులుతుంది, పర్సు ఖాళీ అవుతుంది. రెండూ నాకిష్టమే, రెంటిలోనూ డబ్బుకీ పోరుకీ ముడి ఉంది. 1999లో ఫైనల్ ఫాంటసీ 8 ఆ ముడి తెంపేసింది. రాక్షసుల్ని చంపితే పైసా రాదు, ర్యాంకుని బట్టి జీతం పడుతూ ఉంటుంది. ర్యాంకు పెంచుకోవడానికి మెనూలో కూర్చుని రాత పరీక్షలు రాస్తే చాలు. ప్రమోషన్ కోసం డిపార్ట్‌మెంటల్ టెస్టులు రాసే మన గవర్నమెంటు ఉద్యోగుల పద్ధతే. మా నాన్నగారు అలాంటి పరీక్షలు రాయడం చూస్తూ పెరిగినదాన్ని, ఆటలో కూడా అదేనా అని విసుగొచ్చింది. కత్తి పట్టుకుని తిరిగేవాడికి డబ్బు కత్తి వల్ల రావాలి.

పోకెమాన్ కూడా తర్వాత చెయ్యి జారింది. 2019లో స్వోర్డ్, షీల్డ్‌లో జైగాంటమాక్స్ మియౌత్ వచ్చింది. ఆకాశమంత ఎత్తు పెరిగి గోల్డ్ రష్ అని ఒక్క మూవ్ వేస్తే బంగారం వాన. ఒక్క పోరులో దాంతో 99,999 దాకా రావచ్చు. చూడ్డానికి పండగలా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ డబ్బుతో ఏం కొన్నామో రేపటికి గుర్తుంటుందా? 2022లో స్కార్లెట్, వయొలెట్‌లో గోల్డెంగో అనే పోకెమాన్ వచ్చాక కొంత నయం. దాని చిన్న రూపం గిమిగూల్ కోసం ఊళ్లన్నీ తిరిగి 999 నాణేలు ఏరి తెస్తేనే అది గోల్డెంగోగా మారుతుంది. దాని మేక్ ఇట్ రెయిన్ అనే మూవ్ పవర్ 120, డబ్బు లెక్క మాత్రం పాత పే డే లాంటిదే, లెవెల్‌కి 5 రెట్లు. వేసిన ప్రతిసారీ దాని స్పెషల్ అటాక్ ఒక మెట్టు దిగుతుంది, 5 సార్లే వేయగలం. ఏదో ఒకటి వదులుకుంటేనే డబ్బు అన్న పాత రూలుని మళ్లీ కొంచెం గుర్తుచేశారు.

ఇక ఫోన్‌లో వచ్చే ఆర్‌పీజీల సంగతి ఎత్తితే నాకు నిజంగా బాధేస్తుంది. మా అక్క కూతురు ఆడే గేమ్‌లో పోరాటం దానంతటదే జరిగిపోతుంది, ఆటో బటన్ నొక్కి ఫోన్ పక్కన పెట్టేస్తుంది. బంగారం తక్కువైందా, స్కాన్ చేసి కొనుక్కో. వాళ్లమ్మ ఫోన్ తీసుకుని అడిగిందంటే యూపీఐ పిన్ కోసమేనని ఇంట్లో అందరికీ అర్థమైపోయింది. దానికి ఓనిక్స్ ఎదురైతే ఆటే పోరు ముగించేస్తుంది, ఆ రాతి పాము ఎన్ని దెబ్బలు తింటుందో లెక్కేసే అవకాశమే రాదు. అందుకే పోయిన సెలవుల్లో నా పాత ఎస్‌పీ బయటకు తీసి దాని చేతిలో పెట్టాను. మొదట తెర చిన్నదని మూతి ముడిచింది. మియౌత్ దొరికాక ఫోన్ అడగడం మానేసింది.

సరే, మీ ప్రశ్నకి వస్తాను. మీరు ఫైర్‌రెడ్ అన్నారు కాబట్టి వీఎస్ సీకర్ ఉంది, రోజువారీ ఖర్చులకి దాంతో ట్రైనర్లను మళ్లీ పిలిచి కొట్టుకోండి. అమ్యులెట్ కాయిన్ పట్టుకున్న మియౌత్‌ని మొదట దింపితే చాలు, తర్వాత వేరేదాంతో గెలిచినా ప్రైజ్ రెట్టింపే. విక్టరీ రోడ్‌కి చేరాక మాత్రం మియౌత్‌కి గ్రౌల్, పే డే రెండూ ఉంచి, వెనకాల నీటి రకం పోకెమాన్ ఒకదాన్ని సిద్ధంగా పెట్టుకుని ఓనిక్స్‌ల కోసం తిరగండి. మచోక్ ఎదురైతే ఆలోచించకుండా పారిపోండి, ఫైటింగ్ రకం దెబ్బకి మియౌత్ నిలవదు. ముందు మొత్తం గ్రౌల్స్ వేశాకే నాణేలు మొదలుపెట్టండి. వెళ్లేముందు ఛార్జింగ్ ఫుల్‌గా పెట్టుకోండి.